పన్నెండు వందల కంకులు

సూర్యాపేట
18 జనవరి 1992

కోదాడలో కాపురమున్న మనుమరాలు సీతకు, అమ్మమ్మ లింగమ్మ చెప్పగా పక్కింటి రామలింగయ్య రాస్తున్నది.

నీ ఉత్తరం ముట్టింది. రామలింగయ్య రెండుసార్లు చదివి వినిపించాడు. తాలూకాఫీసు ముందర కూర్చుని ముప్పై ఏళ్లు జనానికి అర్జీలు రాసినవాడు కదా, నా మాటను కూడా అర్జీ లెక్కనే మొదలుపెట్టాడు. "నేను సర్కారుకు మొక్కుతలేను రామలింగం, నా మనుమరాలిని తిడుతున్న. గట్లనే రాయి" అన్నాను. కనుక ఇందులో ఎక్కడన్నా మర్యాద కనపడితే అది అతనిది, నాది కాదు.

మిర్యాలగూడ మిల్లు ఓనరు వెంకటేశ్వర్లు తన బిడ్డ పెళ్లికి పందిరంతా కోసిన కాగితంతో వరిచేను లెక్క ఉండాలని అన్నాడనీ, నీ మొగడు బిక్షం అతని లారీలకు పేర్లు రాస్తూ నీ సంగతి చెప్పాడనీ రాశావు. మంచిది. పూలు, బుడగలు అందరూ కట్టించుకుంటారు. చేను కట్టించుకునేవాడు ఇన్నేళ్లకు ఒక్కడు దొరికాడు, వాడూ నాకు దొరకలేదు, నీకు దొరికాడు. దానికి నువ్వు "నాతో అయితదా అమ్మమ్మా" అని రాశావు. ఆ ఒక్క మాటకు నీ చెవి మెలిపెట్టాలనిపించింది. నాట్లకు పోయి ఎంతకాలమని నడుము వంచుతావు? ఈ పందిరి ఒక్కటి నిలబడితే చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ నీ ఇంటికే వస్తాయి. మీ తాత కత్తెర, నా కత్తెర నీ చేతిలో బతుకుతాయి. లేదంటే నాతోనే ఖతం.

విను. మిల్లులో వడ్లు ఆరబోసే గచ్చు మీద పందిరి అన్నావు. గేటు నుంచి పెళ్లిపీటల దాకా చుట్టాలు నడిచి రావాలి. ఆ నడకలోనే పంటకాలమంతా జరిగిపోవాలి. గేటు దగ్గర నారుమడి: జానెడెత్తు, లేతరంగు, వెంట్రుకంత సన్నగా కోసి గుబురుగా పెట్టు. పది అడుగులు దాటాక నాటు. వరుసకూ వరుసకూ ఎంత ఎడం ఉండాలో నాట్లేసినదానికి నేను చెప్పాలా? ఆ తర్వాత ముదురాకు, నడుమెత్తు. పైన తెల్లకొంగలు, కొన్ని ఎగురుతూ, కొన్ని దిగుతూ. పీటల మీదికి నాలుగు దిక్కుల నుంచీ పాలకంకి. గింజ పాలు పోసుకునేటప్పుడు ఉండే ఆకుపచ్చ కంకి. అది చూసినవాడు ఇది లింగమ్మ ఇంటి పని అనాలి.

కాగితం పతంగి కాగితమే తే. గ్లేజు కాగితం మెరుస్తదని దుకాణంవాడు ఎంత చెప్పినా వినకు. ఎండకాలం పెళ్లి, ఫ్యాన్లు పెడతారు. గ్లేజు కాగితం గాలికి గలగలమంటే అయ్యగారి మంత్రం ఎవరికీ వినపడదు. పతంగి కాగితం ఊగుతుంది గానీ సప్పుడు చేయదు. మీ తాత నాకు నేర్పిన మొదటి పాఠం ఇది. మైదా జిగురులో మైలుతుత్తం వేయడం మరిచిపోకు, పురుగు పడుతుంది.

నా చెయ్యి బాగున్నది. దసరాకు పట్టేసినది ఇప్పుడు వదులుతున్నది. పెళ్లికి పక్షం ముందు బస్సెక్కి వచ్చి కంకులు నేనే కోస్తాను. మిగతాది నువ్వు మొదలుపెట్టు.

లింగమ్మ వేలిముద్ర

సీతా, ఈ కింది ముక్క నాది, రామలింగయ్యది. ఆమెకు చదివి వినిపించలేదు. కుడిచెయ్యి వదలడం లేదు. మోచేయి నుంచి కిందికి కట్టెలా పడి ఉంది. ఈ వేలిముద్ర కూడా నేను ఆమె వేలు పట్టుకుని వేయించిందే. అన్నం కోడలు తినిపిస్తున్నది. ఆమె బస్సెక్కదు. కంకి నువ్వే నేర్చుకోవాలి.


కోదాడ
11 ఫిబ్రవరి 1992

అమ్మమ్మకు సీత దండాలు.

నీ చెయ్యి బాగైందని విని చాలా సంతోషించాను. అయినా ఎండలు ముదిరాక బస్సులో వచ్చి నువ్వు అలసిపోవడం నాకిష్టం లేదు. అందుకని కంకి కోయడం కూడా నేనే నేర్చుకుంటాను. చిన్నప్పుడు నువ్వు కోస్తుంటే ఎదురుగా కూర్చుని చూశాను గానీ, నువ్వెప్పుడూ ఆఖరి మడత వేసేటప్పుడు నన్ను నీళ్లకు పంపేదానివి. గుర్తుందా?

పోయిన ఆదివారం మిర్యాలగూడ వెళ్లాం. మిల్లు గచ్చు మన వీధంత పొడుగుంది. వెంకటేశ్వర్లుగారు మనిషి మంచివాడే. నారుమడి, నాటు, కొంగలు అన్నీ వరసగా చెబుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వాడు. పెళ్లికూతురు వచ్చి నా పక్కనే కింద కూర్చుని, నారు ఎలా కోస్తారో చూపించమంది. చూపించాను. ఆమె చేతిలో నాలుగు పోచలు తెగిపోయాయి, ఐదోది నిలిచింది. దాన్ని జడలో పెట్టుకుని ఇల్లంతా తిరిగింది.

నారుమడి అయిపోయింది. నాటు సగం అయ్యింది. బిక్షం వెదురు బద్దలు చీరుస్తున్నాడు. కొంగలు కూడా బాగానే వచ్చాయి, మెడలే కొంచెం లావు. కంకి మాత్రం రావడం లేదు. ఎనిమిది రోజులుగా కోస్తున్నాను. గింజలు వస్తాయి గానీ కంకి చీపురు లెక్క నిటారుగా నిలబడుతుంది. బిక్షం చూసి, "దీంతోటి పందిరి ఊడ్వొచ్చు, కట్టరాదు" అన్నాడు. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఇంకో మాట. వెంకటేశ్వర్లుగారు పీటల మీద కంకి ఆకుపచ్చ వద్దంటున్నాడు. బంగారు రంగు పండిన కంకి కావాలట. ఏం చెప్పమంటావు?

నీ సీత


సూర్యాపేట
26 ఫిబ్రవరి 1992

సీతకు లింగమ్మ రాయించునది.

మడత ముందు చెబుతాను, కోపం తర్వాత చెబుతాను. కలిపి చెబితే రామలింగయ్య రెండూ తప్పు రాస్తాడు.

బెత్తెడు వెడల్పు కాగితం తీసుకో. పొడుగున మడువు. మళ్లీ మడువు. ఆఖరి మడత సమానంగా వేయకు, ఒక అంచు గోరంత బయటికి వదులు. ఆ వదిలిన అంచులోంచే మీసాలు వస్తాయి. గింజను కత్తెర కొనతో కోయకు, లోపలికంటా పెట్టి కాగితాన్ని తిప్పు, కత్తెరను తిప్పకు. ఇక తల వంచడం. విప్పినాక తడిగుడ్డ మీద ఒక్క ఊపిరి సేపు ఉంచి తీసి, కత్తెర మొద్దువైపు ఆనించి కింది నుంచి కొసదాకా లాగు. ఒకసారి లాగితే సగం వంగుతుంది, అది పాలకంకి. రెండుసార్లు లాగితే మొత్తం వాలుతుంది, అది పండుకంకి.

ఇది నేను మాటల్లో చెబుతుంటే నా ఎడమచెయ్యి గాలిలో కోస్తున్నదని రామలింగయ్య నవ్వాడు. ఎడమచెయ్యికి ఏం తెలుసు. కాగితమూ కత్తెరా ముందర పెట్టించుకుని చూస్తాను, అవి నన్ను చూస్తాయి.

నిన్ను నీళ్లకు పంపిన సంగతి నిజమే. అన్నీ నేర్పి ఆ ఒక్క మడత దాచుకున్నాను. పెళ్లయి పోయినాక కూడా నాతో నీకు పని పడాలని. ఇప్పుడు పడింది, నేను లేచి రాలేకపోతున్నాను. నా చెయ్యి బాగున్నదని నువ్వు ఎంత తొందరగా నమ్మావో చూస్తే, ఈ రామలింగం కింద ఏదో గీకాడని అప్పుడే తెలిసింది. పోనీ.

ఇక కోపం. పండుకంకి పెళ్లికి కట్టవద్దు. పసుపు రంగుతో నాకు తగాదా లేదు, పసుపు లేని పెళ్లేమిటి. కంకితోనే తగాదా. మీ తాత ఒక్క కత్తెరతో రెండు పనులు చేశాడు. పెళ్లి పందిళ్లకు కాగితం కోశాడు, మనుమలనూ మునిమనుమలనూ చూసి నిండా బతికి పోయిన ముసలోళ్ల పాడెలకూ కోశాడు. పందిరికి పాలకంకి, పాడెకు పండుకంకి. పెన్‌పహాడ్ వైపు, గరిడేపల్లి వైపు పండిపోయిన మనిషి ఊరేగింపుకు నాలుగు గుంజలకూ మన పండుకంకులే వాలేవి. కోతకొచ్చిందని దానికి అర్థం. ఇరవై ఏళ్ల పిల్ల నెత్తి మీద దాన్ని వాల్చుతావా? చేను కోశాక పొలం ఎట్లుంటదో నీకు తెలవదా? ఆ మిల్లాయనకు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు.

లింగమ్మ వేలిముద్ర


కోదాడ
24 మార్చి 1992

అమ్మమ్మకు సీత దండాలు.

కంకి తల వంచింది! నువ్వు చెప్పినట్టు కాగితాన్ని తిప్పాను, కత్తెరను తిప్పలేదు. మూడో రోజు పొద్దున ఒకటి దానంతట అది వాలింది. బిక్షాన్ని పిలిచి చూపిస్తే చేతిలోకి తీసుకుని, ఊదడానికి కూడా భయపడ్డాడు. చీపురు మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. ఒకటి ఈ కవరులో పెట్టాను. నలిగితే పోస్టువాళ్లను తిట్టు.

కవరు విప్పగానే నీకు కోపం వస్తుందని తెలుసు. అది పండుకంకే.

నేను వెంకటేశ్వర్లుగారికి ఆకుపచ్చ కంకి మాట మూడుసార్లు చెప్పాను. ఆయన, "పచ్చి వడ్లు తెస్తే నా మిల్లులో ఎవడు ఆడిస్తాడమ్మా? నేను బతికిందే పండిన గింజ మీద. నా కూతురు బంగారం కింద కూర్చోవాలి" అన్నాడు. అసలు కారణం చెప్పలేకపోయాను. పెళ్లింట్లో పాడె మాట ఎలా ఎత్తను అమ్మమ్మా? నోరు తెరిచాను, పెళ్లికూతురు మంచినీళ్లు తెచ్చిచ్చింది, నోరు మూసుకున్నాను.

ఆలోచించాను. మిర్యాలగూడలో మన కంకి సంగతి ఎవరికి తెలుసు? వాళ్లకది పంట. మనకే అది వేరే. మనం ఊరుకుంటే అది పంటగానే ఉండిపోతుంది. మే ఎనిమిది పెళ్లి. పన్నెండు వందల కంకులు కావాలి, నాలుగు వందలు అయ్యాయి. రోజూ నువ్విచ్చిన కత్తెర కళ్లకద్దుకుని మొదలుపెడుతున్నాను. ఈ ఒక్కసారికి నన్ను తిట్టకు.

నీ సీత


సూర్యాపేట
16 ఏప్రిల్ 1992

మిర్యాలగూడ రైసు మిల్లు యజమాని శ్రీ వెంకటేశ్వర్లు గారి సముఖమునకు, సూర్యాపేట వాస్తవ్యురాలు లింగమ్మ విన్నవించునది.

అయ్యా, మీరు నన్ను ఎరగరు. మీ పందిరి కడుతున్న సీతకు నేను అమ్మమ్మను. ఆమె చేతిలో ఉన్న పని నాది. అందుకని ఇందులో మాట్లాడే హక్కు నాకున్నది.

మీరు పీటల మీద పండుకంకి అడిగారు. మా ఇంటి లెక్కలో పండుకంకి పెళ్లికి కట్టేది కాదు. పెద్ద వయసులో పోయినవాళ్ల పాడెకు కట్టేది. నా మనుమరాలికి ఇది తెలుసు, మీ మీది భయంతో చెప్పలేదు. భయపడ్డదాని తప్పును కడుపులో పెట్టుకోండి. మీ బిడ్డ సుమంగళిగా నిండు నూరేళ్లు ఉండాలని కోరేదాన్ని కనుకే రాయిస్తున్నాను. లేకుంటే నోరు మూసుకుని ఉంటే నాకేం పోతుంది?

పెళ్లికి ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. సీతకు ఆకుపచ్చ కాగితం తెప్పించి ఇవ్వండి. పాలకంకి కట్టమనండి. పిల్ల చెయ్యి తేలింది, పది రోజుల్లో కోసేస్తుంది. మిగతా చేనంతా మీకు నచ్చిందని విన్నాను. నచ్చుతుంది. మా పని గనుక.

నేను నడవలేను. నడవగలిగితే ఈ కాగితం బదులు నేనే వచ్చేదాన్ని.

లింగమ్మ వేలిముద్ర


కోదాడ
12 మే 1992

రామలింగయ్య మామకు సీత నమస్కారాలు.

ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. ఇది నీకు. రెండోది అమ్మమ్మకు. దీన్ని ఆమెకు చదవవద్దు, చదివాక పొయ్యిలో వెయ్యి.

అమ్మమ్మ ఉత్తరం చేరిన రోజు నేను మిల్లులోనే ఉన్నాను, నారుమడి బద్దలు కొలుస్తున్నాను. వెంకటేశ్వర్లుగారు దాన్ని హాలులో పైకి చదవడం మొదలుపెట్టాడు, ఎవరో అభిమానంతో రాశారనుకుని. సగం దాకా చదివి ఆగిపోయాడు. అప్పటికే ఆయన తల్లి విన్నది. ఆ ముసలామె నన్ను పిలిచి నిజమేనా అంది. నిజమేనన్నాను. కంకులు మార్చి ఆకుపచ్చవి కడతానన్నాను. "పాడె కట్టే ఇంటి కత్తెర. అది ఏ రంగు కోస్తే ఏంటి?" అన్నదామె. నారుమడి, నాటు, కొంగలు అన్నీ తీయించింది. వెంకటేశ్వర్లుగారు నా ముఖం చూడలేక, "నీ పనికి వంక లేదమ్మా. మా అమ్మ చెవిన పడ్డాక నేనేం చెయ్యను?" అన్నాడు. పెళ్లికూతురు లోపలి నుంచి బయటికి రాలేదు.

అన్నిటినీ, అప్పటికి పూర్తయిన పన్నెండు వందల పండుకంకులతో సహా, గోనెసంచుల్లో కుక్కి లారీలో ఇంటికి పంపించారు. ఆ లారీ ముందర పేరు బిక్షం రాసిందే. విజయవాడ నుంచి మనుషులొచ్చి ప్లాస్టిక్ పూలతో పందిరి కట్టారు. ఆ తర్వాత గరిడేపల్లివాళ్లు, హాలియావాళ్లు మాట్లాడుకున్న రెండు పెళ్లిళ్లకు కూడా వద్దని కబురు పంపారు. తొలకరికి మళ్లీ నాట్లకు పోతాను.

మామా, ఆమె మంచే కోరింది. చెయ్యి పోయింది, ఈ సంగతి కూడా తెలిస్తే ఆమెకు ఇంక ఏం మిగులుతుంది? రెండో కాగితం గట్టిగా, సంతోషంగా చదువు.

సీత


కోదాడ
12 మే 1992

అమ్మమ్మకు సీత దండాలు.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. నీ ఉత్తరం చదివి వెంకటేశ్వర్లుగారు, పెద్దామె మాట పెద్దామెదే అని, ఆకుపచ్చ కాగితం తెప్పించి ఇచ్చాడు. పది రోజుల్లో పాలకంకులన్నీ కోసేశాను. చుట్టాలు గేటులో అడుగు పెట్టగానే చెప్పులు చేతిలో పట్టుకున్నారు, నిజంగా చేలో దిగుతున్నామనుకుని. ఒకాయన కొంగను అదిలించాడు కూడా.

పొద్దున పది గంటలకు ముహూర్తం. ఫ్యాన్లు వేయగానే పీటల మీద కంకులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. నిజం చేనులాగే. అందరూ తలెత్తి చూశారు. ఎవరు కట్టారని అడిగితే సూర్యాపేట లింగమ్మ మనుమరాలు అని చెప్పారట. ఇంకో రెండు పెళ్లిళ్లు వచ్చాయి.

నువ్వు మందులు వేళకు వేసుకో. పని తగ్గగానే వచ్చి చూస్తాను.

నీ సీత


సూర్యాపేట
20 మే 1992

సీతకు లింగమ్మ రాయించునది.

నీ ఉత్తరం రామలింగయ్య సంతోషంగా చదివాడు. మరీ సంతోషంగా చదివాడు. ముప్పై ఏళ్లు జనం గోడు రాసినవాడికి సంతోషం చదవడం అలవాటు లేదు. మూడుసార్లు చదివించాను. మూడుసార్లూ కంకులు గలగలమన్నాయి.

బిడ్డా, పతంగి కాగితం గలగలమనదు. నీకు ఏడేళ్లప్పుడు చెప్పాను, ఈ జనవరిలో మళ్లీ రాయించాను. గలగలమనేది గ్లేజు కాగితం, లేదంటే ప్లాస్టిక్. అంటే ఆ పీటల మీద వేలాడింది నువ్వు కోసింది కాదు. నువ్వు చూడనైనా చూసి ఉండవు. ఆ గలగల ఎవరో చెబితే విని, పనికొస్తుందని ఇందులో పెట్టావు. అబద్ధం బాగానే కోశావు, మడతే తప్పావు.

రామలింగాన్ని అడిగాను. ఏమీ లేదన్నాడు. మీ తాత కత్తెర మీద చెయ్యి పెట్టి చెప్పమన్నాను. లేచి గడప దాకా పోయి నిలబడ్డాడు. నాకు అర్థమైంది. పని చెడగొట్టింది మిల్లు ఓనరు కాదు, నువ్వూ కాదు. ఏప్రిల్‌లో నేను రాయించిన కాగితం. నువ్వు నోరు మూసుకుంటే పంటగానే ఉండిపోయేది, నేను నోరు తెరిచి దాన్ని పాడె చేశాను. నిన్ను కాపాడుతున్నాననే అనుకున్నాను, ఆ పిల్లనూ కాపాడుతున్నాననే అనుకున్నాను. నేను చెప్పింది అబద్ధం కాదు. ఇప్పుడు చెప్పమన్నా అదే చెబుతాను. అయినా నీ చేతిలో కత్తెర నిలవకుండా చేసింది నేనే. కాగితం తప్పు కోస్తే ఇంకో కాగితం తీసుకునేదాన్ని. పోస్టులో వేసిన మాటను ఏ చేత్తో తీసుకోను? ఉన్న ఒక్క చెయ్యీ ఎడమది.

ఏడవడానికి ఇది రాయించడం లేదు. ఒక పని చెప్పడానికి.

నారు, నాటు, కొంగలు నీ దగ్గరే ఉంచు. అటకెక్కించు, మైలుతుత్తం కలిపే ఉంటావు గనుక పురుగు తినదు. అడిగేవాళ్లు ఎప్పుడన్నా వస్తారేమో, రాకపోతే నేను చేయగలిగింది లేదు. పండుకంకులు మాత్రం ఎవరికీ ఇవ్వకు. అవి పెళ్లికి పనికొచ్చేవి కావని మొదటి నుంచీ చెబుతున్నాను. అవి ఎవరికి పనికొస్తాయో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మునిమనుమడిని కూడా చూశాను, ఇంకా ఎవరి అనుమతి కావాలి?

పన్నెండు వందలు ఒక్క ముసలిదానికి చాలా ఎక్కువ. అయినా అన్నీ తే, ఒక్కటీ ఏరకుండా సంచుల్లో కట్టుకుని తే. నాట్లు మొదలుకాకముందే రా. నా మంచం పక్కన కూర్చుని ఒక్కొక్కటి తీసి నాకు చూపించు. వంపు సరిగ్గా రానివి, గింజ తెగినవి ఏరించి అవతల పారేయిస్తాను. ఆ రోజు వచ్చినప్పుడు నేను చూడలేను గదా.

లింగమ్మ వేలిముద్ర